తెల్లవాడంటే ఎవరు? — అమెరికా కోర్టులు చెప్పిన జవాబులు

అన్ని దేశాలవారూ వచ్చి చేరి ఒక్క జాతిగా కలిసిపోయిన దేశం అమెరికా అని మనం చిన్నప్పటినుంచీ వింటున్నాము. అందులో నిజం లేకపోలేదు. అయితే ఆ జాతిలోకి ఎవరిని రానివ్వాలనే సంగతిని ఆ దేశం 162 సంవత్సరాలపాటు మనిషి రంగు చూసి తేల్చింది.

మనుషులంతా సమానులని 1776లో ప్రకటించుకున్నవారే, 1790లో చేసిన చట్టంలో బయటినుంచి వచ్చినవారిలో స్వేచ్ఛగల తెల్లవారు మాత్రమే పౌరులు కావచ్చునన్నారు. బానిసత్వం పోయాక 1870లో ఆఫ్రికా సంతతివారిని చేర్చారు. ఆసియావాళ్లు బయటే ఉండిపోయారు. శాన్ ఫ్రాన్సిస్కోలో చైనా దంపతులకు పుట్టిన వాంగ్ కిమ్ ఆర్క్ జన్మతః పౌరుడేనని 1898లో సుప్రీంకోర్టు చెప్పింది. అతని తండ్రికి మాత్రం ఆ హక్కు లేదు. ఒకే కుటుంబంలో కొడుకు స్వదేశీ, తండ్రి పరదేశీ!

ఇంతకూ తెల్లవాడంటే ఎవరు? చట్టంలో రాయలేదు గనుక జడ్జీలే చెప్పవలసి వచ్చింది. ఇరవై ఏళ్లు అక్కడే బతికి, ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడిన జపానీయుడు ఒజావా దరఖాస్తును 1922 నవంబరులో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. తెల్లవాడంటే కాకేసియన్ జాతివాడు అన్నది. సరే, నేను కాకేసియన్‌నే కదా అన్నాడు పంజాబు సిక్కు భగత్ సింగ్ థిండ్. 1918లో అమెరికా సైన్యంలో పనిచేసినవాడు. మూడు నెలలు దాటగానే, 1923 ఫిబ్రవరిలో, అదే జడ్జి సదర్లాండ్ మాట మార్చాడు. శాస్త్రం ఏమన్నా సరే, సామాన్యుడి దృష్టిలో నువ్వు తెల్లవాడివి కాదు పొమ్మన్నాడు. (సిక్కులనూ, ముస్లిములనూ కూడా అప్పట్లో అక్కడ "హిందువులు" అనే పిలిచేవారు!) అంతకుముందు పౌరసత్వం పొందిన భారతీయులు ఎందరో దాన్ని పోగొట్టుకున్నారు. వారిలో ఒకరైన వైష్ణోదాస్ బగాయ్ దేశంలేనివాడై 1928లో ప్రాణం తీసుకున్నాడు.

ఇక మనవాళ్ల సంగతి. 1942లో యెమెన్ దేశస్థుడు అహ్మద్ హసన్ మిషిగన్‌లో దరఖాస్తు చేసుకుంటే జడ్జి అతని నల్లని ఒంటిరంగునే కాదు, మతాన్ని కూడా లెక్కలోకి తీసుకున్నాడు. ముస్లిము ప్రపంచానికీ యూరపు క్రైస్తవులకూ మధ్య పెద్ద అగాధం ఉందని కాదన్నాడు. రెండేళ్లు గడిచాయో లేదో, 1944లో మాసచూసెట్స్‌లో అరబ్బు ముస్లిము మొహమ్మద్ మొహ్రీజ్‌కు జడ్జి విజాన్స్కీ అదే చట్టం కింద పౌరసత్వం ఇచ్చాడు. గ్రీకుల విద్యను నేటి యూరపుకు అందించినవారిలో అరబ్బులు ముఖ్యులు కారా అన్నాడు. చట్టంలో తెల్లవారు అన్న మాట మారలేదు. మారింది కాలం. జాత్యహంకారి హిట్లరుతో యుద్ధం చేస్తూ, ఇంట్లో అదే లెక్క చూడడం అమెరికాకు ఎబ్బెట్టుగా తోచింది. మిత్రదేశాల అవసరమూ వచ్చింది. కేవలం న్యాయబుద్ధి వల్లనే ఇదంతా జరిగిందని మేము అనుకోవడం లేదు. అయినా విజాన్స్కీ తీర్పు విలువ తగ్గదు.

1943లో చైనావారికీ, 1946లో భారతీయులకూ పౌరసత్వం తలుపు తెరిచారు. మన దేశం నుంచి ఏడాదికి నూరుమందికే ప్రవేశం! 1952లో పౌరసత్వానికి రంగు నిబంధన పూర్తిగా పోయింది. 1965లో పుట్టిన దేశాన్నిబట్టి పెట్టిన కోటాలు కూడా రద్దయినాయి. తెలుగు డాక్టర్లూ, ఇంజనీర్లూ పెద్ద సంఖ్యలో అక్కడికి వెళ్లింది ఆ తరువాతనే. నువ్వు తెల్లవాడివేనా అని వారిని ఏ కోర్టూ అడగలేదు.