ఆమేన్

చర్చిలో ప్రార్థన ముగియగానే అందరి నోటా వినిపించే మాట ‘ఆమేన్’. స్థిరత్వాన్ని, నమ్మకాన్ని సూచించే హీబ్రూ ధాతువు నుంచి పుట్టింది. విశ్వాసమని అర్థమిచ్చే ‘ఎమూనా’ దీని తోబుట్టువే. బైబిలులోని ద్వితీయోపదేశకాండం 27వ అధ్యాయంలో లేవీయులు పలికే శాపాలకు జనం 12 సార్లు ‘ఆమేన్’ అంటారు. యేసు దీన్ని మాట మొదట్లోనే వాడాడు. అక్కడ తెలుగు బైబిలు ‘నిశ్చయముగా’ అంటుంది.

మన ‘తథాస్తు’ వరమిచ్చేవారి మాట; ఆమేన్ అడిగేవారిది. ఉద్యోగం, ఆరోగ్యం, పిల్ల పెళ్లి... ఏది అడిగినా, గెత్సేమనే తోటలో యేసు తన కోరికను తండ్రి చిత్తానికి విడిచినట్టు, మన కోరికనూ విడిచిపెట్టామని దాని భావం. ఈసారి ఆమేన్ అనేముందు ఒక్క క్షణం ఆగండి: దేవుడు ‘కాదు’ అన్నా ఆ మాట మీద నిలబడగలమా?