ఇండీ గేమ్‌లు: మరుగున ఉన్న మంచి ఆటలను కనుగొనే దారులు

పెద్ద ప్రచురణ సంస్థల పెట్టుబడి గానీ, పెత్తనం గానీ లేకుండా ఒక వ్యక్తి లేదా కొద్దిమంది కలిసి రూపొందించే వీడియో గేమ్‌ను ఇండీ గేమ్ అంటారు. 'ఇండిపెండెంట్' అనే మాటకు ఇది కుదింపు మాత్రమే. ఇండియాతో దీనికి సంబంధం లేదు. మన వార్తల్లో 'గేమింగ్' అనగానే గుర్తుకు వచ్చే పందెపు యాప్‌లతో అసలే సంబంధం లేదు. డబ్బు పణంగా పెట్టే ఆన్‌లైన్ ఆటలను పార్లమెంటు 2025 ఆగస్టులో చట్టం చేసి నిషేధించింది. ఇక్కడ ప్రస్తావిస్తున్నవి ఒకసారి కొనుక్కుని, కథగానో సవాలుగానో ఆడుకునే ఆటలు.

ఈ ఆటలకు కొరత లేదు. కంప్యూటర్ ఆటలకు ప్రపంచంలో అతిపెద్ద అంగడి అయిన స్టీమ్‌లో 2024 ఒక్క ఏడాదే 18 వేలకు పైగా కొత్త గేమ్‌లు విడుదలయ్యాయి. అంటే రోజుకు దాదాపు 50. వీటిలో అధిక భాగం ఎవరి కంటా పడకుండానే పాతబడిపోతాయి. అలా మరుగున పడినవన్నీ మంచివని కాదు, వెలుగులోకి వచ్చినవన్నీ గొప్పవనీ కాదు. ఒక ఆట పదిమందికీ తెలియడం దాని నాణ్యత మీద ఎంత ఆధారపడుతుందో, అంగడి లెక్కించే కొన్ని అంకెల మీదా అంతే ఆధారపడుతుంది. ఆ అంకెలను సమకూర్చేది ఆడేవారే.

గుమ్మం నుంచి గుంపులోకి

స్టీమ్ యజమాని అయిన వాల్వ్ సంస్థ తొలి రోజుల్లో ఏ ఆటను అమ్మకానికి పెట్టాలో తానే నిర్ణయించేది. 2012 ఆగస్టులో 'గ్రీన్‌లైట్' పేరుతో ఆ ఎంపికను వినియోగదారుల ఓటుకు వదిలింది. 2017 జూన్‌లో దాన్నీ ఎత్తివేసి 'స్టీమ్ డైరెక్ట్' పద్ధతిని తెచ్చింది. ఒక్కో ఆటకు 100 డాలర్లు చెల్లిస్తే చాలు, అమ్మకానికి పెట్టవచ్చు. రాబడి 1,000 డాలర్లు దాటితే ఆ రుసుము తిరిగి వస్తుంది. ఈ మార్పుతో పుణెలోనో గోవాలోనో కూర్చున్న ఇద్దరు ముగ్గురు కుర్రవాళ్లకూ ప్రపంచ విపణి అందుబాటులోకి వచ్చింది. అదే సమయంలో చిక్కు కూడా చోటు మార్చుకుంది. మునుపు లోపలికి వెళ్లడమే కష్టం, ఇప్పుడు లోపలికి వెళ్లాక కనబడడం కష్టం.

అక్కడ ఒక ఆటను పైకి తెచ్చే అంకెల్లో మొదటిది విష్‌లిస్ట్. 'తరువాత కొంటాను' అని గుర్తు పెట్టుకునే ఈ జాబితాలో ఎంతమంది చేరారన్నది విడుదలకు ముందు ఆ ఆట 'రాబోతున్న ఆదరణీయ గేమ్‌ల' వరుసలోకి వస్తుందా లేదా అన్నదాన్ని ప్రభావితం చేస్తుంది. జాబితాలో చేర్చుకున్నవారికి విడుదల రోజున, ఆ తరువాత ధర 20 శాతం గానీ అంతకుమించి గానీ తగ్గినప్పుడు ఈమెయిల్ అందుతుంది. రెండోది సమీక్షల సంఖ్య. కనీసం 10 సమీక్షలు చేరేదాకా ఆట పేజీ మీద స్టీమ్ ఏ తీర్పూ చూపదు. ఆ పేజీ తెరిచిన కొత్తవారికి అది ఎవరూ ముట్టని వస్తువులా కనిపిస్తుంది. అందుకే పదో సమీక్ష రాసినవారి మాటకు పదివేలవ సమీక్షకు లేని విలువ ఉంటుంది. ఇంకొక సంగతి చాలామందికి తెలియదు: 2016 నుంచి స్టీమ్ మొత్తం రేటింగులో అక్కడే డబ్బు పెట్టి కొన్నవారి సమీక్షలే లెక్కకు వస్తాయి. తయారీదారు ఉచితంగా పంపిన కోడ్‌తో ఆడి ఎంత మెచ్చుకున్నా ఆ అంకె కదలదు.

ఆలస్యంగా వెలుగు చూసిన ఆటలకు 'అమాంగ్ అస్' పేరెన్నికగన్న ఉదాహరణ. ఇన్నర్‌స్లాత్ అనే చిన్న బృందం దాన్ని 2018 జూన్‌లో విడుదల చేసింది. రెండేళ్లపాటు పట్టించుకున్నవారు తక్కువ. 2020లో, జనం ఇళ్లకే పరిమితమైన రోజుల్లో, ప్రత్యక్ష ప్రసారాలు చేసే కొందరు ఆటగాళ్లు దాన్ని అందుకోవడంతో ప్రపంచమంతా పాకింది. బృందం అప్పటికే ప్రకటించిన రెండో భాగాన్ని రద్దు చేసుకుని మొదటి ఆటకే మెరుగులు దిద్దుకోవాల్సి వచ్చింది. ఆ రెండేళ్లలో ఆట స్వరూపం పెద్దగా మారలేదు. దాన్ని చూసిన కళ్లు మారాయి. అయితే ఇలాంటి అదృష్టం కోసం రెండేళ్లు కాచుకుని ఉండగల స్థోమత అన్ని బృందాలకూ ఉండదు.

ఎక్కడ వెదకాలి

స్టీమ్ మొదటి పేజీ మీద ఆధారపడితే అందరూ చూసేవే కనిపిస్తాయి. అదే వేదికలో లోతుకు వెళ్లే మార్గాలు మూడు నాలుగు ఉన్నాయి. 'ఇంటరాక్టివ్ రికమెండర్' అనే సాధనం మీరు ఆడిన ఆటలను బట్టి కొత్తవి సూచిస్తుంది. దానిలో ఒక జారుడు మీట ఉంటుంది. ఒక కొసన జనాదరణ పొందినవి, రెండో కొసన ఎక్కువమందికి తెలియనివి. మీటను రెండో కొసకు జరిపితే ఫలితాల జాబితా దాదాపు పూర్తిగా మారిపోతుంది. వాడుకలో ఇంతగా నిర్లక్ష్యానికి గురైన సౌకర్యం మరొకటి లేదనిపిస్తుంది.

ఏటా ఫిబ్రవరి, జూన్, అక్టోబర్ నెలల్లో వారం పాటు జరిగే 'స్టీమ్ నెక్స్ట్ ఫెస్ట్'లో విడుదలకు ముందున్న వందలాది ఆటల డెమోలు ఉచితంగా ఆడవచ్చు. ఒక ఆటకు ఈ అవకాశం ఒక్కసారే దొరుకుతుంది. అందువల్ల ఆ వారంలో డెమో ఆడి, నచ్చితే విష్‌లిస్ట్‌లో చేర్చడం తయారీదారుకు ఏ ప్రశంసాపత్రం కన్నా ఎక్కువ మేలు. కొన్న తరువాత నచ్చకపోతే 14 రోజుల లోపు, ఆడిన సమయం రెండు గంటలకు మించకుండా ఉంటే డబ్బు తిరిగి పొందవచ్చు. పేరు తెలియని ఆట మీద నాలుగు వందల రూపాయలు పెట్టడానికి జంకేవారు ఈ నియమాన్ని గుర్తుంచుకోవాలి.

ఇచ్ డాట్ ఐఓ స్వభావం వేరు. లీఫ్ కోర్కొరన్ 2013లో ప్రారంభించిన ఈ వేదికలో అంగడి వాటా ఎంతో తయారీదారే నిర్ణయించుకుంటాడు. చాలా ఆటలు ఉచితం, లేదా 'మీకు తోచినంత ఇవ్వండి' అనే పద్ధతిలో దొరుకుతాయి. రెండు మూడు రోజుల్లో ఆట తయారు చేసే 'గేమ్ జామ్' పోటీల ఫలితాలు ఇక్కడ కుప్పలుగా ఉంటాయి. వాటిలో తాలు ఎక్కువే అయినా గింజలు లేకపోలేదు. పదాలను తోస్తూ ఆట నియమాలనే మార్చివేసే 'బాబా ఈజ్ యూ' 2017లో నార్డిక్ గేమ్ జామ్‌లోనే పుట్టింది. ఫిన్లాండ్‌కు చెందిన ఆర్వి టెయికారి దాన్ని పెంచి 2019లో పూర్తి ఆటగా విడుదల చేశాడు. వీటికి తోడు అమెరికాలో ఏటా జరిగే ఇండిపెండెంట్ గేమ్స్ ఫెస్టివల్ పురస్కారాల తుది జాబితాలు మంచి వడపోత. విజేతల కన్నా పరిశీలనకు వచ్చి ఓడినవాటిని చూడడం ఎక్కువ లాభం.

మన ఉపఖండం నుంచి కొన్ని

భారతీయ నేపథ్యం ఉన్న ఇండీ గేమ్‌లలో బాగా పేరు తెచ్చుకున్నది 'రాజీ: యాన్ ఏన్షియంట్ ఎపిక్'. పుణెకు చెందిన నాడింగ్ హెడ్స్ గేమ్స్ 2017లో ప్రజల నుంచి విరాళాలు సేకరించబోయి లక్ష్యం చేరలేకపోయింది. అయినా పని ఆపలేదు. 2020 ఆగస్టులో మొదట నింటెండో స్విచ్‌లో, అక్టోబరులో ఇతర యంత్రాల్లో ఆట వచ్చింది. రాక్షసులు ఎత్తుకుపోయిన తమ్ముణ్ని వెదుక్కుంటూ వెళ్లే అక్క కథ ఇది. మధ్యమధ్య కథ చెప్పే ఘట్టాలు మన తోలుబొమ్మలాటను తలపిస్తాయి. పోరాట ఘట్టాలు చివరికొచ్చేసరికి కొంత విసుగు పుట్టిస్తాయన్నది నిజమే. రాజస్థానీ కోటల చిత్రణ ఆ లోటును చాలావరకు పూడుస్తుంది.

హైదరాబాద్‌లోని ఓగర్ హెడ్ స్టూడియో 2017లో తెచ్చిన 'అసుర' గురించి తెలుగువారిలోనే తెలిసినవారు తక్కువ. ఇది పైనుంచి చూస్తూ ఆడే కత్తియుద్ధం. ప్రతిసారీ దారులు కొత్తగా ఏర్పడతాయి, నాయకుడు సంపాదించే శక్తుల వరుస కూడా మారుతుంది. చస్తే మొదటికే రావాలి. కఠినమైన ఆట, తొలి గంటలోనే వదిలేసేవారు ఉంటారు, పట్టుకున్నవారు అంత సులభంగా విడువరు.

అంతకన్నా పాతది, అంతకన్నా మరుగున పడినది 'అన్‌రెస్ట్'. పైరోడాక్టిల్ గేమ్స్ 2014లో విడుదల చేసింది. ప్రాచీన భారతాన్ని పోలిన ఒక కల్పిత నగరం కరవుతో అల్లాడుతూ ఉంటుంది. రాజకుమారి మొదలు పెళ్లి నిశ్చయమైన పల్లెపడుచు దాకా వేర్వేరు వ్యక్తులుగా ఆ కాలాన్ని మనం చూస్తాం. ఇందులో కత్తి కన్నా మాటకు పని ఎక్కువ. బొమ్మలు ఈనాటి కళ్లకు వెలవెలబోతాయి. ఆకలి ఒక ఊరి మర్యాదను ఎలా కొరుక్కుతింటుందో చూపిన తీరు మాత్రం ఇంకా పదునుగానే ఉంది.

గోవా కేంద్రంగా పనిచేసే ఫ్రాస్ట్‌వుడ్ ఇంటరాక్టివ్ 2021లో తెచ్చిన 'ఫర్గాటెన్ ఫీల్డ్స్' నిదానంగా సాగుతుంది. రాయడానికి ఏమీ తోచని రచయిత ఒకడు అమ్మకానికి వచ్చిన చిన్ననాటి ఇంటికి ఒక్క రోజు వెళ్లి వస్తాడు. పరుగులు, గెలుపులు కోరేవారికి ఇది పనికిరాదు. కోల్‌కతాలో రూపొందిన 'మిస్సింగ్' 2016లో మొబైల్ ఫోన్లకు వచ్చింది. అక్రమ రవాణాకు గురైన బాలిక స్థానంలో ఆటగాణ్ని నిలబెట్టే ఈ ఉచిత ఆటను పిల్లల చేతికి ఇచ్చే ముందు పెద్దలు ఒకసారి ఆడి చూడాలి.

ప్రవాసుల ఆటల్లో 'వెన్బా'ది ప్రత్యేక స్థానం. టొరంటోలోని విసాయ్ గేమ్స్ 2023 జులైలో విడుదల చేసిన ఈ చిన్న ఆట 1980లలో కెనడాకు వలస వెళ్లిన తమిళ దంపతుల కథ. తల్లి రాసిచ్చిన వంటల పుస్తకం చిరిగి, అక్షరాలు చెరిగిపోయి ఉంటుంది. పాత్రలో ఇడ్లీ రేకులు ఎలా పేర్చితే ఆవిరి అన్నింటికీ అందుతుందో ఊహించడమే తొలి చిక్కుముడి. ఈ వంటిల్లు తెలుగువారికి పరాయిది కాదు. అమ్మభాషకు దూరమవుతున్న కొడుకు, ఆ దూరాన్ని వంటతో పూడ్చాలని చూసే తల్లి డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న తెలుగు ఇళ్లలోనూ ఉన్నారు. 2024లో ఇండిపెండెంట్ గేమ్స్ ఫెస్టివల్ అత్యున్నత పురస్కారం, ఉత్తమ తొలి ఆటగా బాఫ్టా పురస్కారం దీనికి దక్కాయి. గంటన్నరలో పూర్తవుతుంది. 'ఇంత ధరకు ఇంతేనా' అన్నవారున్నారు. సినిమా టికెట్టును నిమిషాలతో భాగించి కొనేవారు ఎందరో వారే చెప్పాలి.

ఎలా చెప్పాలి

మంచి ఆట దొరికినప్పుడు దాన్ని ఇతరులకు చెప్పే తీరులో కొంత జాగ్రత్త అవసరం. 'అద్భుతం, తప్పక ఆడండి' అనే మాట వల్ల ఎవరికీ ఉపయోగం లేదు. ఆటలో మన చేతులు ఏం చేస్తాయి, ఎన్ని గంటలు పడుతుంది, కంట్రోలర్ లేకుండా ఆడవచ్చా, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని మామూలు లాప్‌టాప్‌లో నడుస్తుందా, ఎంత ఆంగ్లం చదవాల్సి వస్తుంది అన్నవి చెబితే వినేవారు తామే నిర్ణయించుకుంటారు. చివరి ప్రశ్న మన దగ్గర చిన్నది కాదు. స్టీమ్ అంగడి పేజీలే తెలుగులో లేవు. తెలుగులో ఆడగలిగే ఇండీ గేమ్‌లు బహు స్వల్పం. 'అన్‌రెస్ట్' వంటి మాటల ఆటను ఆంగ్లం ధారాళంగా రానివారికి చెబితే అది వారికి శిక్షే; 'బాబా ఈజ్ యూ'లో మాత్రం ఇరవై ముప్పై ఆంగ్ల పదాలు తెలిస్తే చాలు. ఆటలో నచ్చనిది కూడా చెప్పాలి. లోపం దాచిన సిఫార్సును నమ్మి కొన్నవారు తిరిగి మన మాట వినరు.

సమీక్షకులుగా పేరు తెచ్చుకున్నవారికి మరికొన్ని హద్దులున్నాయి. ఉచితంగా అందిన ఆటను సమీక్షిస్తే ఆ విషయం ప్రకటించాలని స్టీమ్ నియమం. సోషల్ మీడియాలో ప్రచారం చేసేవారు తమకు అందిన ప్రతిఫలాన్ని వెల్లడించాలని భారత ప్రకటనల ప్రమాణాల మండలి 2021లోనే మార్గదర్శకాలు జారీ చేసింది. దీనికి మరో వైపూ ఉంది. సమీక్షకులమని చెప్పి చిన్న స్టూడియోల నుంచి కోడ్‌లు రాబట్టి ఇతర అంగళ్లలో అమ్ముకునే మోసగాళ్లు ఎక్కువయ్యారు. వారి బెడదకు అడ్డుకట్టగా 2017లో వచ్చిన 'క్యూరేటర్ కనెక్ట్' ద్వారా తయారీదారు కోడ్ ఏదీ చేతికివ్వకుండా నేరుగా సమీక్షకుని ఖాతాకే ఆటను పంపవచ్చు. కొత్తగా ఆట విడుదల చేస్తున్న బృందాలు ఈమెయిల్‌లో వచ్చే అభ్యర్థనలకు కోడ్‌లు పంపే బదులు ఈ దారినే ఎంచుకోవడం క్షేమం.