హుస్సేన్ ఖాన్ పది అణాలు



ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినం అంటారు. ఏటా ఆ రోజు పేపర్లలో సర్ రొనాల్డ్ రాస్ తస్వీర్ పడుతుంది. మలేరియా దోమతోనే వస్తుందని కనిపెట్టినవాడు, మన సికింద్రాబాద్‌లోనే కనిపెట్టాడు అని గొప్పగా రాస్తారు. రాయాల్సిందే. కానీ ఆ కథలో ఇంకో మనిషి ఉన్నాడు. ఆయన పేరు హుస్సేన్ ఖాన్.

1897 ఆగస్టు. ఆరో నిజాం మెహబూబ్ అలీ పాషా జమానా. సికింద్రాబాద్ మాత్రం అంగ్రేజుల ఛావనీ. రాస్ అక్కడ ఫౌజీ డాక్టర్. బేగంపేటలో చిన్న గది, ఒక ఖుర్దుబీన్, చెమట కారే ఎండ. దోమకూ మలేరియాకూ రిష్తా ఏమిటో తేల్చాలని దోమల కడుపులు కోసి కోసి విసిగిపోయి ఉన్నాడు. అప్పుడు దొరికాడు హుస్సేన్ ఖాన్, నెత్తురులో మలేరియా పురుగు ఉన్న మరీజ్. ఆగస్టు 16న ఆయన మీద దోమల్ని వదిలారు. ఒక్కో దోమ కాటుకు ఒక అణా మజూరీ. పది దోమలు కుట్టాయి, పది అణాలు ముట్టాయి. నాలుగు రోజుల తర్వాత, ఆగస్టు 20న, వాటిలో ఒక దోమను కోస్తే దాని కడుపు గోడలో మలేరియా పురుగు పెరుగుతూ కనబడింది. 1902లో రాస్‌కు నోబెల్ ఇనామ్ వచ్చింది.

ఆ దోమ తాగింది హుస్సేన్ ఖాన్ ఖూన్. రాస్ రాసి పెట్టుకోబట్టి ఆ పేరైనా మిగిలింది. గరీబుల హిసాబును తారీఖ్ తరచూ అణాల్లోనే రాసి వదిలేస్తుంది.

ఇంతకీ ఈ ఇల్మ్ ఎవరికి పనికొచ్చింది? ఇక్కడి నుంచి కథ సముందర్ దాటుతుంది.

ఉర్దూ మీడియం జుగ్రాఫియాలో మేము చదువుకున్న మాట ఒకటుంది: జజీరా. చుట్టూ పానీ, మధ్యలో జమీన్. తెలుగులో ద్వీపం. హిందూ మహాసముద్రంలో మారిషస్ అలాంటి జజీరా. 1834 తర్వాత చెరకు తోటల్లో పనికి హిందుస్తాన్ నుంచి లక్షల మంది కూలీలను ఓడల్లో తీసుకెళ్లారు. వాళ్లలో గోదావరి, విశాఖ వైపు తెలుగువాళ్లున్నారు, ముసల్మానులూ ఉన్నారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద అక్కడ తెలుగువాళ్లను చాలా కాలం కోరంగీలనే పిలిచారు. 1860ల చివర్లో ఆ జజీరా మీద మలేరియా వబా విరుచుకుపడింది. పదుల వేల మంది చనిపోయారు. 

1907 నవంబరులో ఆ మారిషస్‌కు రాస్‌ను పిలిపించారు. ఆయన దాదాపు మూడు నెలలు ఉన్నాడు. వేలాది పిల్లల కడుపులు తడిమి చూసి, ఎక్కడ తిల్లీ, అంటే ప్లీహం, ఉబ్బి ఉందో లెక్క తీయించాడు. ఏ ఊళ్లో ఎంత మలేరియా ఉందో ఆ లెక్కే చెబుతుంది. మోరీలు సాఫ్ చేయాలి, బురద గుంటలు పూడ్చాలి, పిల్లల్ని ఏటా పరీక్షించాలి, ఈ పని మీదే ఉండే జట్టును శాశ్వతంగా పెట్టాలి అని రిపోర్టు ఇచ్చాడు. పెద్ద ఇమారత్ కట్టమనడం కాదు, ఆగకుండా చూసుకోమనడం అందులోని అసలు సలహా.

రెండో ప్రపంచ జంగ్ తర్వాత డీడీటీ వచ్చాక మారిషస్‌లో మలేరియా తగ్గిపోయింది. 1973లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ దేశానికి మలేరియా పోయిందని సర్టిఫికెట్ ఇచ్చింది. రెండేళ్లు గడిచాయో లేదో, 1975 ఫిబ్రవరిలో జర్వేస్ తుఫాను ఊళ్లను బర్బాద్ చేసింది. ఆ తర్వాత మలేరియా తిరిగొచ్చింది. దాన్ని మళ్లీ తరిమేసరికి 1998 అయింది. అప్పటి నుంచి ఆ దేశం కాపలా వదల్లేదు. మలేరియా ఉన్న ముల్కుల నుంచి దిగిన ముసాఫిర్ల పేర్లు రాసుకుని, ఆరోగ్య కార్యకర్తలు వాళ్ల ఇళ్లకే వెళ్లి రక్తం పరీక్షిస్తారు. మాల్దీవులదీ అదే దారి. సుమారు 1,200 చిన్న జజీరాలు, వాటిలో రెండు వందల లోపు వాటి మీదే బస్తీ. 1984 తర్వాత అక్కడ స్థానికంగా మలేరియా పుట్టలేదు. 2015లో సర్టిఫికెట్ అందింది.

ఇప్పుడు మన ముల్క్ హిసాబు చూడండి. 1953లో మలేరియా అదుపు కార్యక్రమం, 1958లో నిర్మూలన కార్యక్రమం మొదలయ్యాయి. 1961 నాటికి కేసులు యాభై వేలకు దిగాయి. ఫతహ్ అయిపోయిందనుకున్నారు. 1976లో కేసులు 64 లక్షలు దాటాయి. మారిషస్‌లో మలేరియా తిరిగొచ్చిందీ ఆ సంవత్సరాల్లోనే. కాపలా సడలితే బీమారీ తిరిగొస్తుంది. అది జజీరా అయినా, మహా ముల్క్ అయినా అంతే.

"మనది జజీరా కాదు కదా భాయ్, సముందర్ ఎక్కడ?" అంటారేమో. 2023 జులై 27 తెల్లవారుజామున భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని యాద్ చేసుకోండి. మోరంచవాగు పొంగి ఊరినే ముంచేసింది. జనం డాబాలెక్కారు, చెట్లెక్కారు. పడవలు, ఫౌజు హెలికాప్టర్లు వచ్చి దించాయి. ఆ రోజు మోరంచపల్లి అసలైన జజీరా. మహబూబాబాద్ జిల్లాలో కొత్తగూడ, గంగారం మండలాల గూడేలకూ, తండాలకూ వానాకాలంలో వాగు దాటడమే ఇమ్తిహాన్. నిండు గర్భిణీని మంచం మీద మోసుకుంటూ వాగు దాటించిన ఖబర్లు మనం ఎన్నిసార్లు చదవలేదు!

మోరంచపల్లి మునిగిన యాభై రోజులకు, 2023 సెప్టెంబరు 15న, భూపాలపల్లిలో సర్కారు మెడికల్ కాలేజీ మొదలైంది. అదే రోజు జనగామలోనూ మొదలైంది. మెహబూబ్ పాషా పేరు మోసే మహబూబాబాద్‌కు 2022లోనే వచ్చింది. ఒకప్పుడు ఈ మూడు ఊళ్ల వాళ్లకూ పెద్ద బీమారీ అంటే వరంగల్ ఎంజీఎం, అక్కడ కాకపోతే హైదరాబాద్ ఉస్మానియా. బిడ్డను భుజాన వేసుకుని జనగామ, మానుకోట స్టేషన్లలో రైలు కోసం కూర్చున్న అమ్మీజాన్‌లకు ఈ కాలేజీల ఖీమత్ తెలుసు. ఇది ఖుషీ ఖబర్, ఇందులో షక్ లేదు.

కానీ మలేరియా మెడికల్ కాలేజీకి నడుచుకుంటూ రాదు. వైవాక్స్ అనే రకం మలేరియా సంగతే చూడండి. గోళీలు వేసుకోగానే బుఖార్ దిగిపోతుంది, మరీజ్ పనికి పోతాడు. పురుగు మాత్రం కలేజాలో దాక్కుంటుంది. వారాలకో నెలలకో మళ్లీ లేస్తుంది. దాన్ని పూర్తిగా చంపడానికి డాక్టర్లు 14 రోజుల గోళీలు రాస్తారు. అవి అందరికీ సరిపడవు. గర్భిణీలకు ఇవ్వరు, కొందరికి ముందు రక్త పరీక్ష చేయాలి. అలాంటప్పుడు పద్నాలుగో రోజు దాకా ఆ మరీజ్ గోళీ మింగాడా లేదా అని గుమ్మం దగ్గర నిలబడి అడిగేవాళ్లెవరు? మూడో రోజుకు వాగు పొంగితే నాలుగో రోజు గోళీ ఎక్కడిది? ఆరోగ్య వ్యవస్థ అంటే ఆ సవాల్‌కు జవాబు.

మన దగ్గర ఆ జవాబు చాలావరకు ఒక ఔరత్ భుజాల మీద ఉంది. 2005లో మొదలైన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో ఆశా కార్యకర్తలు వచ్చారు. గూడెంలో వేలు మీద సూది గుచ్చి, కిట్ మీద చుక్క వేసి, మలేరియా ఉందో లేదో అక్కడికక్కడే చెప్పేది ఆ బెహనే. పైనున్న డాక్టర్ సాబ్‌కు ఖబర్ చేరేదీ ఆమెతోనే. ఆమె చేతిలో కిట్ అయిపోతే, ఆమె పైసలు నెలలు ఆగితే, ఆమె రాసిన లెక్క ఎవరూ చూడకపోతే, జిల్లా కేంద్రంలో ఎన్ని మంజిళ్ల దవాఖానా ఉన్నా ఆ గూడేనికి ఫాయిదా లేదు.

అందుకే ఈ మూడు జిల్లాల భాయీ బెహన్లకు నా గుజారిష్. మెడికల్ కాలేజీ వచ్చిందని జష్న్ చేసుకోండి. మీ పిల్లల్ని అందులో చదివించే ఖ్వాబ్ కూడా చూడండి. దానితోపాటు, వానాకాలం రాకముందే మీ సర్పంచ్‌నూ, పీహెచ్‌సీ డాక్టర్‌నూ మూడు సవాళ్లు అడగండి. రాస్తా తెగిపోయే ఊళ్లకు దవాలు ముందే చేరాయా? నిండు నెలల గర్భిణీల జాబితా తయారైందా, వాళ్లను ఒడ్డు దాటించేదెప్పుడు? బుఖార్ వచ్చినవాళ్ల నెత్తురు పరీక్షించి, ఇలాజ్ పూర్తయ్యేదాకా వెంట ఉండేదెవరు?

హుస్సేన్ ఖాన్ తన ఖూన్ ఇచ్చి ప్రపంచానికి ఒక ఇల్మ్ ఇచ్చాడు. బేగంపేట నుంచి మారిషస్ దాకా వెళ్లి ఒక జజీరాకు కాపలా నేర్పిన ఇల్మ్ అది. బేగంపేట నుంచి మానుకోటకు రైలులో కొన్ని గంటల రాస్తాయే. అక్కడి ఆఖరి గూడెం దాకా చేరితేనే ఆ పది అణాల కర్జ్ తీరినట్టు.