కల్లు మోసిన గుర్రాలు

ఒకప్పుడు హైదరాబాద్‌లోకి రోజూ ఐదారు వందల గుర్రాలు కల్లు మోసుకుంటూ వచ్చేవట! గుర్రానికి రెండు తోలుతిత్తులు. పులిసిపోకముందే ఊరు చేరాలి కాబట్టి దౌడే. 17వ శతాబ్దంలో గోల్కొండకు పలుమార్లు వచ్చిపోయిన ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియే రాసిపెట్టాడీ ముచ్చట. ఆ కల్లు మీద పన్నుతో సుల్తానుకు దండిగా రాబడి. వజ్రాల రాజ్యమని మనం మురిసిపోతాం గానీ, ఖజానాకు తాటిచెట్టూ తనవంతు పోసింది.

అదే మనిషి మరో సంగతి చెప్పాడు. వర్తకులు, దళారులు, పనివాళ్లు ఉండేది మూసీ వంతెనకు ఇవతల, గోల్కొండ వైపు, కోసు పొడవున పరుచుకున్న శివారులో. పొద్దున పది, పదకొండుకు వంతెన దాటి నగరంలోకి వెళ్లి బేరాలు చూసుకుని, సాయంత్రం నాలుగైదుకల్లా ఇళ్లకు మళ్లేవాళ్లు. 1578లో కట్టిన ఆ వంతెనే పురానాపూల్. గోల్కొండ నుంచి అక్కడికి వచ్చే దారిలోనే ఉంది కార్వాన్. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన సాహుకార్ల పేట అది. ఆఫీసు ఒకచోట, కాపురం మరోచోట అనే బతుకు హైటెక్ సిటీతో మొదలైందనుకునేవాళ్లు కార్వాన్‌ను తలుచుకోవాలి.

ఆ రోజుల గుర్తు కార్వాన్‌లోని 1671 నాటి టోలీ మసీదు. మక్కా మసీదు ఖర్చులో రూపాయికో దమ్మిడీ చొప్పున ఆ పనులు చూసిన మూసాఖాన్‌కు దక్కిందనీ, ఆ దమ్మిడీలు కూడబెట్టి దీన్ని కట్టించాడనీ చెప్పుకుంటారు. ఈ కాలంలో కమీషన్ ముట్టినవాళ్లు కట్టించేవి వేరే!

1687లో గోల్కొండ ఔరంగజేబు చేతికి చిక్కింది. ఆ తర్వాత దర్బారు మారింది, వజ్రాల బేరం చెదిరింది. ఇప్పుడు కార్వాన్‌లో ఆషాఢం వస్తే దర్బార్ మైసమ్మ గుడికి బోనాలు కదులుతాయి.

బయటివాళ్లు వచ్చి స్థిరపడ్డ పేటలు మనకింకా ఉన్నాయి. నిజాం కొలువులో చేరిన హద్రమౌత్ అరబ్బుల వారసులు ఉండే బార్కస్ మందీ వంటకు పేరుపడింది. 2019లో కియా కార్లు తయారుకావడం మొదలయ్యాక పెనుకొండ చుట్టుపక్కల కొరియా భోజనశాలలు వెలిశాయి. రాయలసీమ గాలిలో కిమ్చీ ఘాటు! ఈ రెండింటికీ రుచి సాక్ష్యం ఉంది. కార్వాన్ పేరు వజ్రాల లెక్కల్లో మిగిలింది, రుచి మాత్రం వంటింట్లో చెదిరిపోయింది. నా దృష్టిలో పోయినవాటిలో పెద్దది అదే. మీ ఇంట్లో కార్వాన్ సాహుకార్ల వంట ఎరిగిన అవ్వ ఉంటే, ఈ ఆదివారమే కూర్చోబెట్టి రాసుకోండి.