ఇ-కాడ్హెరిన్: కణాలను కలిపి ఉంచే మాంసకృత్తు

నోటి లోపలి పొర, చర్మం, జీర్ణాశయపు లోపలి పూత, రొమ్ములోని పాలనాళాల పొర మొదలైనవన్నీ లెక్కలేనన్ని కణాలు ఒకదానినొకటి పట్టుకొని నిలవడం వల్ల ఏర్పడినవే. ఆ పట్టుకు ముఖ్యాధారమైన మాంసకృత్తు ఇ-కాడ్హెరిన్. కణాలను అతికి ఉంచడంతోపాటు, అవి అదుపు తప్పి పెరగకుండా చూడటంలోనూ దీనికి పాత్ర ఉన్నది. ఈ పట్టు సడలినప్పుడే అనేక క్యాన్సర్లు పుట్టినచోటు విడిచి పక్కకు పాకుతాయి. చుట్ట, ఖైనీ, గుడాకు వంటి పొగాకు అలవాట్లు తరతరాలుగా ఉన్న సరిహద్దు గ్రామాల వారు దీనిని గురించి తెలుసుకోవడం అవసరం. నోటిలోని మచ్చను తొలిదశలోనే ఎందుకు చూపించుకోవాలో ఈ మాంసకృత్తు కథ తెలియజేస్తుంది.

పేరు, ఆవిష్కరణ

జపాన్‌లోని క్యోటో విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త మసతోషి టకేయిచి, కణాల మధ్య అతుకుకు కాల్షియం అవసరమని 1977లో నిరూపించారు. కాల్షియం తొలగిస్తే కణాలు విడివిడిగా రాలిపోతున్నాయని, తిరిగి చేర్చితే కలుసుకొంటున్నాయని ఆయన గమనించారు. ఈ పని చేసే మాంసకృత్తుకు 1984లో ‘కాడ్హెరిన్’ అనే పేరు వచ్చింది. కాల్షియం అనే మాటను, అతుక్కొనుట అనే అర్థం గల ఆంగ్ల పదాన్ని కలిపి ఈ పేరు కూర్చారు. ముందున్న ‘ఇ’ అక్షరం ఉపకళా కణజాలానికి, అంటే శరీరావయవాల పైపూతగా ఉండే పొరకు సంకేతం.

దీని నిర్మాణానికి ఆదేశాలిచ్చే జన్యువు పేరు సీడీహెచ్1. ఇది మనిషి 16వ క్రొమోజోముపై ఉన్నది. మొదట 882 అమైనో ఆమ్లాల గొలుసుగా తయారైన ఈ మాంసకృత్తు, ముందుభాగం తెగిపోయిన తరువాత 728 అమైనో ఆమ్లాలతో పనిలోకి దిగుతుంది.

పని చేసే తీరు

ఇ-కాడ్హెరిన్‌లో మూడు భాగాలున్నాయి. కణం వెలుపలికి చాచిన చేయి వంటి భాగంలో ఐదు కణుపులుంటాయి. కణుపుకూ కణుపుకూ నడుమ కాల్షియం అయాన్లు చేరి ఆ చేతిని నిటారుగా నిలుపుతాయి. రెండవ భాగం కణపు పొరను దాటి లోపలికి పోతుంది. మూడవది కణం లోపల ఉండే తోక. ఈ తోకను కేటెనిన్లు అనే మాంసకృత్తులు పట్టుకొని, కణం లోపలి ఆక్టిన్ పోగుల అల్లికకు ముడివేస్తాయి.

కొరాపుట్ కొండలలో ధింసా ఆడే స్త్రీలు ఒకరి వెనుక నుంచి మరొకరు చేతులు వేసి వరుస కట్టినట్లే, పక్కపక్కనున్న కణాలు తమ ఇ-కాడ్హెరిన్ చేతులతో ఒకదానినొకటి పట్టుకొంటాయి. ఒక్కొక్క పట్టు బలహీనమైనదే. వేలకొలది పట్లు ఒకచోట చేరడం వల్ల బిగువు వస్తుంది. తల్లి గర్భంలో పిండం కొద్ది కణాల ముద్దగా ఉన్ననాటి నుంచే ఈ పట్టు అవసరం. ఎలుకలలో ఈ జన్యువును పూర్తిగా తొలగించినప్పుడు పిండం తొలిదశలోనే నశించింది.

పెరుగుదలకు అదుపు

ఆరోగ్యవంతమైన కణాలు పక్క కణాలు తగిలి చోటు నిండగానే విభజన ఆపివేస్తాయి. చోటు నిండిందన్న కబురు కణం లోపలికి చేరవేయడంలో ఇ-కాడ్హెరిన్‌కు భాగమున్నది. దాని తోకను అంటిపెట్టుకొనే బీటా-కేటెనిన్‌కు రెండు పనులున్నాయి. అతుకు వద్ద ఉన్నంతసేపు అది బిగువుకు తోడ్పడుతుంది. అక్కడి నుంచి విడివడిన బీటా-కేటెనిన్‌ను కణం సాధారణంగా ధ్వంసం చేస్తుంది. ఆ ధ్వంస వ్యవస్థ కూడా చెడిపోతే, అది కేంద్రకంలోకి చేరి పెరుగుదలను ప్రేరేపించే జన్యువులను మేల్కొల్పగలదు. అందుచేత ఇ-కాడ్హెరిన్ తగ్గితే కణాల పట్టు సడలడంతోపాటు పెరుగుదలకున్న కళ్లెం కూడా వదులు కావచ్చు.

పట్టు తప్పినప్పుడు

ఈ మాంసకృత్తు లోపించడం రెండు విధాలు. మొదటిది వంశపారంపర్యం. న్యూజిలాండ్‌లోని ఒక మావోరీ కుటుంబంలో తరతరాలుగా జీర్ణాశయ క్యాన్సర్ వస్తుండగా, సీడీహెచ్1 జన్యువులోని దోషమే అందుకు కారణమని 1998లో పార్రీ గిల్ఫర్డ్ బృందం కనుగొన్నది. అటువంటి దోషం ఉన్న స్త్రీలలో ఒక రకం రొమ్ము క్యాన్సర్ ముప్పు కూడా ఎక్కువ. ఇటువంటి కుటుంబాలు అరుదు.

రెండవది పుట్టిన తరువాత ఆయా కణాలలో కలిగే లోపం. నోటి క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించేది ఇదే. జన్యువు చెక్కుచెదరకుండా ఉన్నా, దానిపై రసాయన ముద్రలు పడటం వల్లనో, స్నెయిల్ వంటి నియంత్రక మాంసకృత్తులు అణచివేయడం వల్లనో అది మూగబోతుంది. అప్పుడు కణం పొరుగు కణాల చేయి విడిచి, ఆకారం మార్చుకొని, కింది కండలోనికి దిగుతుంది. అక్కడి నుంచి మెడలోని శోషరస గ్రంథులకు చేరుతుంది. నోటి పుండుతో వచ్చినవారికి వైద్యులు మెడ తడిమి చూడటం ఇందుకే. ఇ-కాడ్హెరిన్ బాగా తగ్గిన నోటి క్యాన్సర్లు ఎక్కువగా పాకే స్వభావం కలవని అనేక పరిశీలనలలో తేలింది.

ఈ ప్రాంతపు అలవాటు: అడ్డపొగ

నేటి కొరాపుట్, రాయగడ జిల్లాల ప్రాంతం 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడేవరకు మద్రాసు రాజధానిలోని విశాఖపట్నం జిల్లాలో భాగం. గుడారి, గుణుపురం ప్రాంతాల తెలుగు కుటుంబాలకు శ్రీకాకుళం, విజయనగరం వైపు బంధుత్వాలు నేటికీ ఉన్నాయి. ఆ ఉత్తరాంధ్ర తీరపు పల్లెలలో వ్యాపించినదే అడ్డపొగ, అంటే నిప్పున్న కొసను నోటిలో ఉంచుకొని చుట్ట కాల్చడం. ఈ అలవాటు పురుషులలో కంటె స్త్రీలలో ఎక్కువ. పనిలో ఉండగా బూడిద రాలదని, గాలికి, తడికి నిప్పు ఆరదని చెప్పుకొనేవారు. తల్లిని చూసి కూతురు నేర్చుకొనేది.

ఇతర దేశాలలో అరుదుగా కనిపించే అంగిలి క్యాన్సర్ విశాఖ ప్రాంతంలో అధికంగా ఉండటాన్ని ఈ అలవాటుతో ముడిపెట్టి ఖనోల్కర్, సూర్యాబాయి 1945లోనే రాశారు. 1957లో విశాఖపట్నం నుంచి రెడ్డి, రావు అనే వైద్యులు కోస్తా ఆంధ్రలోని అంగిలి క్యాన్సర్‌పై మరొక వ్యాసం ప్రచురించారు. శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్థులను ఇంటింటికీ వెళ్లి పరీక్షించిన ఫలితాలను పిండ్‌బోర్గ్, మెహతా తదితరులు 1971లో వెల్లడించారు. వారిలో పదిమందికి నలుగురికి పైగా అడ్డపొగ తాగేవారు. అంగిలిపై తెల్లమచ్చలు, ఎర్రని ప్రాంతాలు, పుండ్లు ఈ అలవాటున్నవారిలోనే అధికంగా కనిపించాయి.

వేడి, పొగలోని విషాలు నేరుగా అంగిలికి తగలడం వల్ల అక్కడి కణాలు ఏళ్ల తరబడి దెబ్బతింటాయి. మరమ్మతు కోసం మళ్లీ మళ్లీ విభజన చెందవలసి వస్తుంది. ప్రతి విభజనలోనూ జన్యు దోషాలు పోగుపడే అవకాశం ఉంటుంది. ఖైనీ, గుట్కా బుగ్గలో ఉంచుకొన్నా, గుడాకుతో పళ్లు తోముకొన్నా పొగాకు విషాలు నోటి పొరకు అందుతూనే ఉంటాయి. పొగ లేనంత మాత్రాన ముప్పు తొలగదు.

మానితే మేలు కలుగునా?

కలుగుతుందని ఈ ప్రాంతపు అనుభవమే చెబుతున్నది. శ్రీకాకుళం, ఎర్నాకుళం, భావనగర్ జిల్లాలలో పొగాకు వాడే సుమారు 36 వేల మందికి నచ్చజెప్పి, ఏటేటా నోరు పరీక్షించిన ప్రయత్నపు ఫలితాలు 1986లో లాన్సెట్ పత్రికలో వెలువడ్డాయి. అలవాటు మానినవారిలో, తగ్గించినవారిలో క్యాన్సర్‌కు ముందు వచ్చే నోటి మచ్చలు తగ్గాయి. కణాలు ఇంకా ఒకదానినొకటి విడువని దశ ఇదే. ఈ దశలో మానితే పొర కోలుకొనే అవకాశం ఉన్నది.

ఎప్పుడు చూపించుకోవాలి?

నోటిలో రెండు మూడు వారాలకు మానని పుండు, గీకినా పోని తెల్లమచ్చ, ఎర్రని మచ్చ, నోరు పూర్తిగా తెరవలేకపోవడం, కారణం లేకుండా పన్ను కదలడం, మెడలో గడ్డ... వీటిలో ఏది కనిపించినా వెంటనే వైద్యునికి చూపాలి. తొలిదశలో నొప్పి ఉండకపోవచ్చు. నొప్పి లేదు గదా అని ఊరుకోవడమే ఎక్కువమందికి ముప్పు తెస్తున్నది. ప్రతి మచ్చా క్యాన్సర్‌గా మారదు. ఏది మారుతుందో కంటితో చూసి చెప్పడం కష్టం కనుక వైద్యులు చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శినిలో పరీక్షిస్తారు. ముక్క తీస్తే వ్యాధి పాకుతుందన్న భయం అక్కరలేదు.

అవసరమైనచోట ఆ ముక్కపై ఇ-కాడ్హెరిన్‌ను గుర్తించే ప్రత్యేక రంగును కూడా వేస్తారు. పట్టు చెడని కణాల అంచుల వెంట గోధుమరంగు గీత కనిపిస్తుంది. రొమ్ము క్యాన్సర్ రకాలను వేరుపరచడానికి ఈ పరీక్ష బాగా ఉపకరిస్తున్నది. పోయిన ఇ-కాడ్హెరిన్‌ను తిరిగి రప్పించే మందు ఇప్పటికీ వాడుకలోకి రాలేదు. కాల్షియం మాత్రలు మింగినందువలన ఈ పట్టు తిరిగి రాదు. కనుక క్యాన్సర్ పాకకముందే కనిపెట్టి తొలగించడమే మార్గం.

జాతీయ ఆరోగ్య కార్యక్రమం కింద 30 ఏళ్లు దాటినవారికి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో నోటి పరీక్ష ఉచితం. ఆశా కార్యకర్తను అడిగితే వివరాలు చెబుతారు. పై చికిత్సకు కొరాపుట్‌లో 2017లో ప్రారంభమైన షహీద్ లక్ష్మణ్ నాయక్ వైద్య కళాశాల, బరంపురంలోని ఎం.కె.సి.జి. వైద్య కళాశాల, విశాఖపట్నంలోని కింగ్ జార్జి ఆసుపత్రి, అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నాయి. ఇంటిలో చుట్ట కాల్చే అమ్మమ్మ, నాయనమ్మ ఉంటే ఏడాదికి ఒకసారైనా పగటి వెలుతురులో నోరు తెరిపించి అంగిలిని చూడాలి. పెట్టుడు పళ్లుంటే తీయించి మరీ చూడాలి.