బిళ్ళగన్నేరు, సదాబహార్

పాతబస్తీలో, శాలిబండ సందులో ఒక డాబా మీద, ఖాళీ రంగు డబ్బాలో ఆ మొక్క కనబడింది. మూరెడు కూడా లేదు, గుబురుగా పెరిగింది, ఒళ్ళంతా తెల్లపూలే. మే నెల ఎండకి పిట్టగోడ మీద చెయ్యి ఆనడం లేదు. పూలు మాత్రం తలవాల్చలేదు. ఆ ఇంటావిడ దాన్ని 'సదాబహార్' అంది. మా ఇంట్లో అది బిళ్ళగన్నేరు.

'సదా' సంస్కృతం, 'బహార్' పారసీలో వసంతం. రెండూ కలిసి ఉర్దూలో ఒక్క మాటయ్యాయి. పాతబస్తీకి ఇంతకన్నా తగిన పూల పేరు నాకు తోచదు.

తెలుగువాళ్ళు కాలాన్ని కాదు, ఆకారాన్ని చూశారు. పువ్వును పైనుంచి చూడండి: సన్నటి కాడ మీద అయిదు రేకులూ బల్లపరుపుగా పరుచుకుని రూపాయి బిళ్ళలా ఉంటాయి. తుంచితే గన్నేరుకి లాగే పాలు కారతాయి. వృక్షశాస్త్రమూ ఈ రెంటినీ ఒకే కుటుంబంలో పెట్టింది. పేరు పెట్టినవారి కన్ను ఎంత నిశితమైనదో!

నర్సరీవాళ్ళు 'వింకా' అంటారు. అది 1759లో లినేయస్ పెట్టిన పేరు. శాస్త్రం తర్వాత దాన్ని కాథరాంథస్‌గా మార్చింది. గ్రీకులో నిర్మలమైన పువ్వు అని. అయినా పాత పేరు చావలేదు. ఈ మొక్క నుంచే తీసిన క్యాన్సర్ మందులు, 1958లో కెనడాలో నోబుల్, బీర్ అనే శాస్త్రవేత్తలు ప్రకటించిన విన్‌బ్లాస్టిన్, రక్త క్యాన్సర్ వచ్చిన పిల్లలకిచ్చే విన్‌క్రిస్టిన్... ఆ 'విన్' ఈ వింకాదే. ఆకు మాత్రం నోట పెట్టకండి, విషం.

ఈ మొక్కకి నీళ్ళు ఎక్కువైతే వేరు కుళ్ళుతుంది. అందుకే ఆ ఇంటావిడ డబ్బా అడుగున మేకుతో మూడు చిల్లులు పొడిచింది.