నందన కరువు - శిస్తు లెక్క

కంచంలో మెతుకు వదిలితే మా నాయనమ్మ ‘డొక్కల కరువు’ మాట ఎత్తేది. ఆ మాట బరువు నాకు తాలూకా కచేరీలో గుమాస్తాగా శిస్తు బకాయిల పట్టీలు రాసేటప్పుడు గాని తెలియలేదు.

అది నందన నామ సంవత్సరం, 1832-33. గుంటూరు జిల్లా జనం సుమారు 5 లక్షలు. అందులో లక్షన్నరకు పైగా పోయారని అంచనా. మద్రాసు బాట పట్టి దారిలోనే రాలిపోయినవారు ఎందరో.

వానలు మళ్ళీ పడ్డాయి. భూమి ఎక్కడికీ పోలేదు. కాని నాగలి పట్టే పాలేరు లేడు, ఎద్దు లేదు, మగ్గం మీద కూర్చునే మనిషి లేడు. చిట్టాలో భూమి కనబడుతుంది గాని దున్నేవాడు లేని సంగతి కనబడదు గదా! బకాయి మీద బకాయి పెరిగింది. (జమీందారుల దుబారా కూడా ఉంది లెండి.) చివరకు 1846లో ఆ జమీందారీలు కంపెనీ సర్కారు చేతికే వచ్చాయి.

ఆదాయం పడిపోయాకనే దొరలకు కాలువల మాట చెవికెక్కింది. కాటన్ దొర పూనికతో గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, ఆ వెనుక కృష్ణ మీద బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయ్యాయి. గుంటూరు జిల్లాను మాత్రం 1859లో కృష్ణా జిల్లాలో కలిపేశారు. మళ్ళీ 1904 దాకా మా గుంటూరుకు వేరే కలెక్టరే లేడు.